మూడు నిద్రల సున్నం

తార్నాక,
8 జూన్ 2024

సమ్మయ్య మామకు,

నీ మేనకోడలు స్వర్ణ నమస్కారాలు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నదా అనుకుంటావేమో. నీకు సిగ్నల్ అందాలంటే బడి వెనక గుట్ట ఎక్కాలి. గుట్ట మీద నువ్వు మాట్లాడితే కింద ఊరంతా వింటుంది. ఇది ఊరు వినకూడని సంగతి. అమ్మకు కూడా చెప్పలేదు.

నేను యూనివర్సిటీ జెనెటిక్స్ విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నానని నీకు తెలుసు, ఏం చేస్తున్నానో ఎప్పుడూ అడగలేదు. చిన్నపిల్లలకు పాలపళ్ళు ఊడుతాయి కదా, ఆ పంటి లోపలి గుజ్జులో మూలకణాలుంటాయి. సరిగ్గా పెంచితే ఎముకగానో నరంగానో మారగలిగే పసికణాలు అనుకో. దంతాల ఆసుపత్రిలో తల్లిదండ్రుల సంతకం తీసుకొని ఆ పళ్ళు మాకిస్తారు. బాధ ఏమిటంటే, ఐసులో పెట్టి గంటల్లో తేకపోతే కణాలు చచ్చిపోతాయి. ఆదిలాబాద్ పిల్లవాడి పన్ను తార్నాక చేరేలోపు అది ఉత్త పన్నే.

ఎండాకాలంలో అమ్మమ్మ నాకొక సీసా ఇచ్చింది. ఆమె చీరలకు గంజి బదులు పెట్టుకునే తపసి బంక నీళ్ళు. నెల రోజులైనా ఆ సీసా వాసన రాలేదు, అద్దంలా తేటగా ఉంది. ఒకరోజు నా దుపట్టాకు పెడుతూ ఆలోచన వచ్చింది. దాన్ని శుద్ధి చేసి, క్రిములు లేకుండా చేసి, అందులో కణాలు పెట్టి చూశాను. ఐసు లేకుండా ఐదు రోజులు బతికాయి, మామా. నూటికి తొంభై.

మా ప్రొఫెసర్ వైదేహి మేడం దీనికి పేటెంట్ కోసం దరఖాస్తు పెడదామంటున్నారు. ఆగస్టు 5న బెంగుళూరు సభలో ఆమె దీని గురించి మాట్లాడాలి. అంతకు ముందే దరఖాస్తు పడాలి, అప్పటిదాకా బయటికి పొక్కకూడదు. పొక్కితే ఇందులో కొత్తదనం లేదని కొట్టేస్తారు.

సీసా అయిపోయింది. నాకు కొంచెం బంక పంపు. అది ఏ అడవిదో, ఎవరు తెచ్చారో, అమ్మమ్మ ఏం కలుపుతుందో కనుక్కొని రాయి. ఎందుకని ఎవరైనా అడిగితే చీరలకని చెప్పు.

నీ కోడలు,
స్వర్ణ


బ్రాంచి పోస్టాఫీసు,
ఎర్రగుంటపల్లి, ములుగు జిల్లా
16-6-2024

చి. స్వర్ణకు మామ సమ్మయ్య ఆశీస్సులు.

తేది 8 నాటి నీ ఉత్తరం 13న అందినది. ఐదు రోజులు ఎందుకు పట్టిందని పై ఆఫీసుకు రాశాను. నీ పేరు మీద పట్టా అవుతున్నదని తెలిసి చాలా సంతోషపడ్డాను. పేటెంట్ అంటే పట్టాకు ఇంగ్లీషు మాటని నేను చదవగానే గ్రహించాను. తార్నాకలో గుంట భూమి అంటే మాటలు కాదు. ఎన్ని గుంటలో రాయలేదు. యూనివర్సిటీ జాగా అయితే తర్వాత తిరకాసు రావచ్చు, సర్వే నంబరు చూసుకో. పళ్ళకూ పట్టాకూ సంబంధం మాత్రం నాకు అందలేదు.

బంక మన బిక్షం తెచ్చినది. తూర్పు గుట్టల్లో తపసి చెట్లకు గాటు పెట్టి తెస్తాడు. అరకిలో పార్సిల్ చేశాను. మా అవ్వను, అంటే మీ అమ్మమ్మను, అడిగితే చాలాసేపు చెప్పింది. ముఖ్యమైనది రాస్తున్నాను: సున్నం నీళ్ళలో బంక మూడు రోజులు నానాలి. అంతే.

ఇదంతా ఎందుకని అవ్వ గుచ్చిగుచ్చి అడిగింది. పట్టా మాట చెప్పక తప్పలేదు. వెంటనే ఆమె ముఖం మారింది. "ఏలుముద్ర అడుగుతరా?" అన్నది. నీకు తెలుసో లేదో, మా చిన్నాయన ఒకప్పుడు ఏదో లోన్ కాగితమని వేలుముద్ర వేయించుకున్నాడు. వాగు పక్కన ఎకరం అట్లనే పోయింది. అప్పటినుంచి రేషన్ మిషన్ మీద వేలు పెట్టాలన్నా ఆమె రెండుసార్లు ఆలోచిస్తుంది.

రహస్యం కాపాడుతున్నాను. మాజీ సర్పంచుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇట్లు,
సమ్మయ్య, బ్రాంచి పోస్టుమాస్టరు (బి.పి.ఎం.)


తార్నాక,
26 జూన్ 2024

మామా,

పట్టా కాదు. గుంటలు లేవు, సర్వే నంబరు లేదు. ఒక కొత్త పద్ధతి కనిపెట్టినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే హక్కు పేటెంట్. ఇరవై ఏళ్ళపాటు మన అనుమతి లేకుండా ఆ పద్ధతితో ఎవరూ సరుకు తయారు చెయ్యకూడదు. దానికి బదులు మనం ఆ పద్ధతిని దాపరికం లేకుండా కాగితం మీద పెట్టాలి. ఎవరు చదివి చేసినా మళ్ళీ అదే ఫలితం రావాలి.

అక్కడే వచ్చింది చిక్కు. నువ్వు రాసినట్టే చేశాను. మాణికేశ్వర్ నగర్‌లో పాన్ డబ్బా నుంచి సున్నం తెచ్చి, బంకను మూడు రోజులు నానబెట్టాను. గోధుమరంగు ముద్దలు తేలాయి. వడగట్టి వాడి చూస్తే రెండో రోజుకే కణాలన్నీ చచ్చాయి. రెండు గిన్నెల్లో వేర్వేరుగా చేశాను, రెండూ అంతే. నిన్న వైదేహి మేడం నా నోట్‌బుక్ మూసి, "ఒక్కసారి జరిగింది అదృష్టం కూడా కావచ్చు స్వర్ణా," అన్నారు. ఆమె కోప్పడలేదు, అందుకే ఎక్కువ బాధేసింది.

మా పేటెంట్ ఏజెంటు పేరు భానుప్రకాశ్. కాచిగూడలో ఒక లాడ్జి పైన ఆయన ఆఫీసు. మెట్ల మీద సూట్‌కేసులు దాటుకుంటూ పోవాలి. నాకు చాలా ఓపికగా చెప్పారు. మూలకణాలకు పేటెంట్ రాదు, అవి ప్రకృతివి. వైద్యం చేసే విధానానికీ రాదు. కణాలను కాపాడే ఈ మిశ్రమానికి, దాన్ని చేసే పద్ధతికి అయితే అడగవచ్చు. కానీ ఆయన ఒకటి అడిగారు: బంకకు సున్నం కలిపే ఈ పద్ధతి ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?

అది నువ్వే కనుక్కోవాలి. ఊళ్ళో ఎంతమందికి తెలుసో కొంచెం తొందరగా రాయి. ఇది చాలా ముఖ్యం.

స్వర్ణ

మా రూమ్మేట్ రజిని వాళ్ళది బౌద్ధనగర్. ఆమె వాళ్ళమ్మ పంపిన మామిడికాయ తొక్కు ఉండబట్టి ఈ వారం గడిచింది.


ఎర్రగుంటపల్లి,
5-7-2024

చి. స్వర్ణకు ఆశీస్సులు.

ఇక నీ దరఖాస్తు ఎవరూ ఆపలేరు. ఎంతమందికి తెలుసని అడిగావు. నేను రెండు రోజులు పోస్టాఫీసు పని పక్కన పెట్టి సాక్ష్యం కూడగట్టాను. దీనితో జతపరిచిన కాగితం చూడు. "తపసి బంకను సున్నముతో వాడు విధానము మా ఊరి ప్రజలమైన మాకందరికీ తాతముత్తాతల కాలము నుండి తెలిసినదే" అని అరవై రెండు మంది సంతకాలు చేశారు. మాజీ సర్పంచుది మొదటి సంతకం. కింద మన పోస్టాఫీసు ముద్ర కూడా వేశాను. వేయకూడదు, అయినా వేశాను.

అవ్వ ఒక్కతే వెయ్యలేదు. కాగితం చదివి వినిపిస్తే, "తాతముత్తాతలకు తెల్సా? ఏ తాతకు తెల్సు?" అని లేచిపోయింది. వయసు మీద పడ్డది, పట్టించుకోకు.

మరో సంగతి. మా ఆఫీసుకు కొత్త మిషన్ వచ్చింది. దానికీ సిగ్నల్ కావాలి. పింఛన్ల రోజు ముసలోళ్ళందరినీ వెంటబెట్టుకొని గుట్ట ఎక్కాల్సి వచ్చింది.

ఇట్లు,
సమ్మయ్య


తార్నాక,
11 జూలై 2024

మామా,

నీ కాగితం చదివి భానుప్రకాశ్ గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తెరిచి, "మీ మామ మనవైపా, అవతలివైపా?" అని అడిగారు.

నేనే సరిగ్గా రాయలేదు, తప్పు నాది. ఊరందరికీ తరతరాలుగా తెలిసిన విద్యకు చట్టం పేటెంట్ ఇవ్వదు. నువ్వు పంపిన కాగితం మన దరఖాస్తును చంపడానికి సరిపోతుంది. అరవై రెండు సంతకాలు, పైగా పోస్టాఫీసు ముద్ర.

రజిని, "చించెయ్, ఎవరికి తెల్స్తది?" అన్నది. నాకు చేతులు రాలేదు. ఆ రాత తప్పో ఒప్పో నాకు తెలియదు కదా. ఒకవేళ నిజంగానే ఊరందరికీ ఇది తెలిస్తే, అది ఊరిది. ఊరి విద్యను నా పేరు మీద రాసుకొని నేను డాక్టరేటు చెయ్యలేను. మేడంతో ఆ మాటే అన్నాను. ఆమె, "అయితే ముందు నిజం తెప్పించు. అవసరమైతే వదిలేద్దాం. మూడేళ్ళ పని నీది, నా బెంగుళూరు ఉపన్యాసం ఎంత?" అన్నారు.

అందుకని మామా, నాకు అనుకూలంగా వద్దు, వ్యతిరేకంగా వద్దు. సంతకం పెట్టిన ప్రతి మనిషిని మళ్ళీ కలువు. "మీకు తెలుసా?" అని అడగకు. "ఎట్లా చేస్తారో చెప్పండి" అని అడుగు. వాళ్ళు చెప్పింది రాసుకో. ఏది వచ్చినా నాకు ఇష్టమే.

బెంగుళూరు సభకు ఇంకా ఇరవై అయిదు రోజులే ఉన్నాయి.

స్వర్ణ


ఎర్రగుంటపల్లి,
19-7-2024
(చేతికి ఇచ్చి పంపినది)

చి. స్వర్ణకు,

ఈ ఉత్తరం తెచ్చే మనిషిని గుర్తుపట్టే ఉంటావు. ముందు ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి, తర్వాత చదువు.

అరవై రెండు ఇండ్లూ తిరిగాను. మాజీ సర్పంచు, "బంకను ఎండబెట్టి దంచుతరు, ఇగ సున్నం గోడలకేస్తరు," అన్నాడు. సంతకం ఎందుకు పెట్టావంటే, "నువ్వు అడిగినవు గదనే," అన్నాడు. పదకొండు మంది బంకను లడ్డూల్లో వేస్తామన్నారు. బిక్షం అయితే నలభై ఏళ్ళుగా గుట్టల నుంచి బంక తెస్తున్నాడు, దానికి సున్నం తగిలితే పాడైపోతుందన్నాడు. ఒక్కరికి, ఒక్కరికి కూడా తెలియదు బిడ్డా. అందరూ నా ముఖం చూసి సంతకం చేశారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ మనియార్డర్లు ఇస్తున్నాను, కాదనలేకపోయారు. సిగ్గుతో ఇంటికి వచ్చాను.

అవ్వ అరుగు మీద కూర్చొని ఉంది. "తిరిగినవా?" అన్నది.

"తిరిగిన."

"ఎవ్వరన్న చెప్పిన్రా?"

"లేదే."

"నన్ను అడుగకపోతివి."

అప్పుడు అడిగాను. నేను నీకు రాసింది తప్పట. "సున్నం మూడు నిద్రలు జెయ్యాలె" అన్నది ఆమె. మూడు రాత్రులు కదలకుండా ఉండవలసింది సున్నం. నేను బంకనని రాశాను. తొందరలో ముఖ్యమైనది రాయబోయి, ముఖ్యమైనదే వదిలేశాను. ఇంకా ఏమేమో ఉన్నాయట, అవి నాకు చెప్పనన్నది. "నీకు జెప్తె నువ్వు ఇంకోటి రాస్తవు. నేనే పోత," అని గిన్నె సర్దుకుంది. రేపు పొద్దున ములుగులో బస్సు ఎక్కిస్తున్నాను. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర రేపు పదకొండు గంటలకు ఉండమని గుట్ట ఎక్కి నీకు ఫోన్ చేసి చెప్పాను, ఎవరొస్తున్నారో మాత్రం చెప్పలేదు. కండక్టరుకు నీ నంబరు ఇచ్చాను.

పేటెంట్ అంటే ఏమిటని సర్దుకున్నంతసేపూ అడిగింది. పట్టా కాదని మాత్రం చెప్పాను.

నీ మామ,
సమ్మయ్య

వేరే కాగితం మీద అరవై రెండు మంది చెప్పినది చెప్పినట్టు రాసి పంపుతున్నాను. ముద్ర వెయ్యలేదు.


తార్నాక,
3 ఆగస్టు 2024

మామా,

ఇది పెద్ద ఉత్తరం. కూర్చొని చదువు.

అమ్మమ్మ బస్సు దిగగానే అడిగింది, "ఏ సున్నం వాడినవ్?" అని. నా గదికి రాగానే డబ్బా చూపించాను. మూత తీసి వాసన చూసింది. "గిది పాన్ డబ్బా సున్నం. దీంట్ల అత్తరుంటది. గోడల సున్నం గూడ పనికిరాదు, గుల్ల సున్నమే కావాలె," అన్నది. తన సంచీలోంచి స్టీలు గిన్నె తీసింది, అందులో నత్తగుల్లలు కాల్చి చేసిన సున్నం. నీళ్ళు పోసి కలిపి బాల్కనీ మూలన పెట్టి, మీద తన తువ్వాల కప్పింది. మూడు రాత్రులు నన్నుగానీ రజినినిగానీ అటు పోనివ్వలేదు. బట్టలు గదిలోనే ఆరేసుకున్నాం. నాలుగోనాడు పొద్దున మీద కట్టిన పొరను చెంచాతో ఎత్తేసి, అడుగు కదలకుండా తేట ఒంపింది. అందులో బంక పొడి ఒక్క పూట నానింది. ముద్దలు లేవు, రంగు లేదు. సీసా ఎత్తి చూస్తే అవతల ఉన్న నీళ్ళ ట్యాంకు స్పష్టంగా కనిపించింది.

క్యాంపస్‌కు తీసుకుపోయాను. వైదేహి మేడం ఆమెకు తన కుర్చీ ఇచ్చి మూడు ప్రశ్నలు అడిగారు. మూడు రాత్రులే ఎందుకు? పొర ఎందుకు తియ్యాలి? గుల్ల సున్నమే ఎందుకు?

"ఒక్క రాత్రి పెడితె చీర మీద తెల్ల మరకలు పడ్డయి. రెండు రాత్రులకు తక్కువైనయి. మూడిటికి పోయినయి. నాలుగు పెట్టిన, ఏం ఫరకు లేదు. పొర తియ్యకపోతె పలుకులు తగుల్తయి. రాతి సున్నంతోని చేస్తె బంక ఎర్రగైంది. నా పెండ్లి చీర అట్లనే ఖరాబైంది."

"ఎవరు నేర్పించారమ్మా?"

"ఎవ్వరు నేర్పలె. రెండేండ్లు పట్టింది. గంజి పెడితె చీరెలు పురుగులు కొడ్తుండె, అందుకే ఎతుక్కున్న."

మేడం నా వైపు తిరిగి, "ఇది ప్రయోగం. ఒక్కొక్కటి మార్చి చూసింది," అన్నారు.

24న కణాలు పెట్టాం. 29 దాకా నేను అన్నం సరిగ్గా తినలేదు, అమ్మమ్మ మాత్రం రజినితో టీవీ చూస్తూ హాయిగా ఉంది. ఐదోరోజు లెక్క చూస్తే నూటికి తొంభై మూడు బతికాయి. మూడు వేర్వేరు పళ్ళ నుంచి చేశాం, మూడింటిలోనూ అంతే. అమ్మమ్మకు మైక్రోస్కోపులో చూపించాను.

"గివి బతికున్నయా?"

"బతికున్నయి అమ్మమ్మా."

"ఏం జేస్తలేవు గద."

"రెండు రోజుల్ల రెండింతలైతయి."

"మెల్లగ జేస్తయన్నట్టు," అని మళ్ళీ కన్ను పెట్టి చాలాసేపు చూసింది. వెనక నలుగురు విద్యార్థులు వరుసలో నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు.

తర్వాత కాచిగూడ పోయాం. అంతకు ముందు యూనివర్సిటీలో ఒక పెద్దమనిషి, పెద్దావిడకు చివర్లో కృతజ్ఞతలు చెబితే చాలదా అన్నాడు. భానుప్రకాశ్ గారు ఒప్పుకోలేదు. "ఈ పద్ధతిలో సున్నపు మెట్టు ఆమె తలలోంచి వచ్చింది. ఆమె పేరు ఆవిష్కర్తగా ఉండాలి. తీసేస్తే మనం అబద్ధపు దరఖాస్తు పెట్టినట్టు," అన్నారు. నువ్వు పంపిన రెండో కాగితాన్ని మెచ్చుకున్నారు. మొదటిదాన్ని కూడా ఫైలులోనే ఉంచారు, రెండూ పక్కపక్కనే.

వేలుముద్ర దగ్గర అమ్మమ్మ ఆగిపోయింది. "మొత్తం సదువుండ్రి. తెలుగుల," అన్నది. ఆయన గంటసేపు ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పారు. ఒకచోట ఆమె చెయ్యెత్తింది. "ఆగుండ్రి. పాలపండ్ల కణాలు గీ బంకల ఆగుతయని నాకు తెల్వదు. గది నేను చెప్పలె. గా తెలివి నా మనుమరాలిది. గట్లనే రాయుండ్రి."

ఆయన అట్లాగే రాశారు. సున్నం, బంక ఆమెవి. కణాలు నావి. వాటిని కొలిచి నిరూపించే తీరు మేడంది. అప్పుడు వేలుముద్ర వేసింది, గట్టిగా, అటూ ఇటూ దొర్లించి. ఆగస్టు 1న దరఖాస్తు పడింది. బంక మన గుట్టలది కాబట్టి జీవవైవిధ్య సంస్థకు కూడా రాశాం. రేపు ఏదన్నా వస్తే ఊరికీ వాటా ఉంటుంది. బిక్షంకు చెప్పు.

పేటెంట్ వస్తుందో రాదో తెలియదు. వాళ్ళు పరీక్షించాలి, ప్రశ్నలు అడుగుతారు, ఏళ్ళు పట్టవచ్చు. కానీ మేడం నిన్న బెంగుళూరు టికెట్టు కొనుక్కున్నారు. ఇప్పుడు నువ్వు గుట్ట ఎక్కి అరిచినా ఫరవాలేదు.

అమ్మమ్మ ఇంకో వారం ఉంటానంటున్నది. రజిని వాళ్ళమ్మ పట్టుచీరలు తెచ్చి వరుసలో పెట్టింది.

నీ కోడలు,
స్వర్ణ


ఎర్రగుంటపల్లి,
21-10-2024

చి. స్వర్ణకు మామ ఆశీస్సులు.

మొన్న మధ్యాహ్నం సంచీ విప్పితే యూనివర్సిటీ నుంచి ఒక రిజిస్టరు కవరు ఉన్నది. నీ నుంచే అనుకొని చింపబోయి, పేరు చూసి ఆగాను. "శ్రీమతి రాములవ్వ, ఎర్రగుంటపల్లి" అని టైపు కొట్టి ఉంది.

ఇంటికి పోయి, "అవ్వా, నీకేదో కాగితం వచ్చింది," అని లోపలికి పోబోయాను. ఆమె బియ్యం చెరుగుతున్నది. తల ఎత్తకుండానే, "ఊళ్ళె అందరికి ఇట్లనే ఇస్తవా?" అన్నది.

నాకు అర్థమైంది. బయటికి పోయి చెప్పులు వేసుకొని, సైకిలు గంట కొట్టి, గడప అవతల నిలబడి పిలిచాను. "రాములవ్వ గారున్నారా? రిజిస్టరు."

ఆమె చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకొని, నింపాదిగా వచ్చింది. "ఎవరు రాసిన్రు?"

"హైదరాబాదు, యూనివర్సిటీ."

"కార్డు అడుగవా?"

అడిగాను. పెట్టెలోంచి ఆధార్ కార్డు తెచ్చి చూపించింది. రసీదు మీద వేలుముద్ర తీసుకొని కవరు చేతికి ఇచ్చాను. అప్పటికి పక్కింటివాళ్ళు నలుగురు చేరారు. చదివి వినిపించాను. అడిగిన మేరకు దరఖాస్తు గడువుకు ముందే ప్రభుత్వ పత్రికలో అచ్చయిందని, ఆవిష్కర్తలు ముగ్గురని, ఆ కాపీ జతపరుస్తున్నామని ఉంది. మూడు పేర్లలో ఆమె పేరు రెండోది. వేలు పెట్టి చూపిస్తే ఆ అక్షరాల మీద తన వేలు పెట్టింది. అందరికీ చాయ్ పోసింది. నాకు కూడా పోసింది, ఉత్తరం తెచ్చినవానికి పోసినట్టు బయటే, అరుగు మీదనే.

చాయ్ తాగుతుంటే తట్టింది నాకు. ఇరవై ఎనిమిదేండ్లుగా ఈ ఊళ్ళో గడపగడపకూ ఉత్తరాలు పంచాను. మా అవ్వ పేరు మీద నేను ఇచ్చిన మొదటి ఉత్తరం ఇది.

నీ మామ,
సమ్మయ్య